బొటనవేలు

ఆరేళ్ళుగా దిబ్బాలో గాలి కొడుతున్నాను.
సైకిళ్ళకు కాదు, మనుషులకు.
రేకుల షెడ్డు, కంప్రెసర్, నీళ్ళ తొట్టిలో నిలబెట్టిన సిలిండర్లు,
ముల్లు రెండొందలు తాకగానే మర కట్టేయడం.
ఫిల్టర్ ముసలిదైతే ముక్కుతోనే చెప్పేస్తాను.
కానీ నేను పట్టిన గాలి
నేనెప్పుడూ తాగలేదు.

ఆ శుక్రవారం దుబాయ్ నుంచి రావలసిన ఇద్దరు రాలేదు.
పిల్లకి జ్వరమట.
రెండు సిలిండర్లు నిండి కూర్చున్నాయి.
"పోషీ, నీకు ఈత వచ్చా?" అంది మారిటెస్.
సెబు దీవిలో పుట్టిన మనిషి,
నీళ్ళలో వంటింట్లో తిరిగినట్టు తిరుగుతుంది.
వచ్చన్నాను. భీంగల్ మోటబావి ఈత.

మా చిన్నాయన లింగన్న
ఎండిన ఆనిగెపు బుర్ర నా వీపుకు కట్టి
గట్టు మీంచి తోసేవాడు:
"మునగవురా, అది నిన్ను మునగనియ్యది."
ఇవాళ వీపుకు కట్టింది మునగడానికే.
నడుముకు సీసం కూడా, నాలుగు బిళ్ళలు.
చిన్నాయన చూస్తే ఇద్దర్నీ తిట్టేవాడు.

పడవ లేదు. ఒడ్డు నుంచే.
బాతుకాళ్ళ చెప్పులతో ముందుకు నడిస్తే పడతావు,
వెనక్కి నడువు, అంది.
అలా వీపు పెట్టి సముద్రంలోకి దిగాను,
ఒడ్డును చూస్తూ:
షెడ్డు, ఏసీ డబ్బా కారుస్తున్న చుక్కలు,
తాడు మీద నా బనీను,
వెనకాల హజర్ కొండలు, ఎక్కువ కాలిన ఇటుకల్లా.
మోకాలు. తొడ. బొడ్డు.
ఆరేళ్ళు ఉన్న చోటును
అంతసేపు చూడటం అదే మొదలు.

తర్వాత తల.
మొదటి గుక్క.
చల్లగా, పొడిగా, ఏ వాసనా లేకుండా.
బాగా పట్టినవురా పోశెట్టీ.

చెవుల్లో మేకు దిగింది. ముక్కు మూసి ఊదమని సైగ.
లోపలేదో గడియ టప్‌మని తీసుకుంది.
నాలుగు నిలువుల లోతు.
మా బావి కూడా అంతే, కానీ అక్కడ బురద,
ఎవరిదో ఇత్తడి చెంబు.
ఇక్కడ రాళ్ళ సందుల్లో పిడికిలంత నల్ల పల్లేరుకాయలు,
పసుపు చారల చేపలు గుంపుగా వచ్చి
నా బుడగలు చూసి పక్కకు జరిగాయి,
పెళ్ళిలో ఎవరి తరపువాడో తెలియని చుట్టానికి జరిగినట్టు.

బండ పక్కన ఒక గర్గూర్.
జాలర్ల తీగబుట్ట, బోర్లించిన గంపలా,
తాడు తెగి, ఎవరిదో, ఎప్పటిదో.
లోపల మూడు చేపలు తిరుగుతున్నాయి.
నాలుగోది ముల్లు మాత్రమే.
మారిటెస్ కత్తితో గీరుతోంది. తీగ తెగదు.
ఆమె చెయ్యి పట్టి ఆపాను.
ఈ గాలి పనికి ముందు రెండేళ్ళు షార్జాలో
ఇనుప చువ్వలకు తీగముడులు వేశాను, రోజుకు వెయ్యి.
ఎడమకు ఒక మెలి. ఇంకోటి.
తుప్పు పొగలా లేచింది.
తలుపు ఊడి వచ్చింది.

చేపలు రాలేదు.
అదే గుండ్రం, మళ్ళీ అదే గుండ్రం.
ఇసక మీద మోకరించి మేమిద్దరం,
నా ఊపిరి నాకే గురకలా వినిపిస్తూ.
అప్పుడొకటి
మూతి బయటపెట్టి, వెనక్కి పోయి,
ఉన్నట్టుండి
లేదు.

నోట్లో రబ్బరు. సంతోషం మాటగా రాదు.
బొటనవేలు ఎత్తి చూపించాను.
ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. నా భుజం పట్టుకుంది.
పైకి, పైకి, బుడగలకంటే మెల్లిగా,
నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను.

"ఏమైంది? గాలి అందలేదా?"
"సూపర్ అన్నాను!"
"నీళ్ళలో అలా అంటే పైకి పోదామని!"
పొద్దున చెప్పిందట. నిజమే అయ్యుంటుంది,
అప్పుడు నేను సీసం బిళ్ళలు లెక్కపెట్టుకుంటున్నా.
ఉప్పునీళ్ళు మింగి మింగి నవ్వింది.

పంతొమ్మిది నిమిషాలు.
ముల్లు నూట పది దగ్గర.

సాయంత్రం సిలిండర్‌ను తొట్టిలో నిలబెట్టి
నాది అడుగున ఉండగానే పైన తొంభై పోశాను,
రేపు దిగే జర్మన్ దంపతులకు.
డీజిల్ బిల్లు వెనక బండ, గర్గూర్,
ఊడిన తలుపు గీశాను.
మిగతా రెండూ ఉన్నాయో లేవో
వాళ్ళు చూసి చెప్పాలి.